స్పిట్సు పాటలు: ‘రాబిన్సన్’, ‘చెరీ’ తర్వాత ఏవి?

మీరు అడిగినవి రెండు. ‘హనీ అండ్ క్లోవర్’ యానిమేలో, అంటే జపాన్ యానిమేషన్ సీరియల్‌లో, అక్కడి రాక్ బ్యాండు స్పిట్సు పాటలు విని, వెతుక్కుని ‘రాబిన్సన్’, ‘చెరీ’ పట్టుకున్నారు. నెల రోజులుగా అవే వింటున్నారు. ఇక మీదట ఏవి వినాలన్నది మొదటి ప్రశ్న. జపనీస్ ఒక్క ముక్క రాదు, గిటారు ఈ మధ్యే మొదలుపెట్టారు. ఈ పాటలు పట్టుబడతాయా అన్నది రెండోది. నేను 2006 నుంచి పదమూడేళ్లు టోక్యోలో ఉన్నాను. నా జపనీస్‌లో సగం తరగతి గదిలోది, మిగతా సగం ఈ బ్యాండు పాటల కాగితాల్లోది. కాబట్టి నా దగ్గర నిష్పక్షపాతమైన జవాబు ఉండదు, ముందే చెబుతున్నాను.

మీరు చూసిన ఆ యానిమేకు మూలమైన మాంగా (జపాన్ బొమ్మల కథ) పేరులోని తేనె కూడా వీళ్లదే. ‘హచిమిత్సు’ అంటే తేనె. 1995లో వచ్చిన స్పిట్సు ఆల్బమ్ పేరు అది. సుగ షికావో అనే గాయకుడి ఆల్బమ్ ‘క్లోవర్’ను దానికి జోడించి రచయిత్రి ఆ పేరు పెట్టారు. అంటే మీరు సరైన గుమ్మం నుంచే లోపలికి వచ్చారు.

పేరు గురించి కూడా ఒక మాట. జపాన్‌లో ఎవరూ స్పిట్జ్ అనరు, స్పిట్సు అంటారు. మాట హల్లు మీద ఆగితే వాళ్ల నోటికీ మన నోటికీ ఏదో వెలితి. బస్ వాళ్లకు ‘బసు’, మనకు ‘బస్సు’. తొంభైల్లో మన వీధుల్లో పొమేరియన్ అని పిలుచుకుంటూ పెంచిన తెల్ల బొచ్చు కుక్క గుర్తుందా? పోస్ట్‌మ్యాన్ సైకిల్ గంట వినబడితే చాలు, ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. అది స్పిట్జ్ జాతిదే. జపాన్‌లోనూ ఆ జాతి ఒకప్పుడు ఇంటింటా ఉండేది, అరుపుకే పేరుపడింది. పాటలు రాసి పాడే కుసానో మసామునె, చిన్నదైనా గట్టిగా అరిచేది అన్న ఉద్దేశంతోనే ఆ పేరు ఎంచుకున్నారు. మొరిగే కుక్క కరవదని మనం అంటాం. వీళ్ల దగ్గర ఆ సామెత తలకిందులైంది. మొరగరు. తియ్యగా దగ్గరికి వచ్చి కరుస్తారు.

ఇది తెలియకపోతే స్పిట్సును మెత్తటి ప్రేమపాటల బ్యాండు అనుకుని అక్కడే ఆగిపోతారు. 1987లో మొదలైనప్పుడు వీళ్లది పంక్. గాయకుడు కుసానో, గిటారు మివ తెత్సుయ, బేస్ తమురా అకిహిరో, డ్రమ్స్ సకియమ తత్సువొ. నలుగురూ 1967లో పుట్టినవాళ్లే, ఈ రోజుకీ ఆ నలుగురే. అప్పుడే ‘ద బ్లూ హార్ట్స్’ అనే బ్యాండు వచ్చింది. తాను చేయాలనుకున్నదంతా వాళ్లు చేసేశారని కుసానోకు అనిపించి, చేతులు ఆడలేదు. కొంత విరామం తర్వాత అకూస్టిక్ గిటారు అందుకుని మళ్లీ మొదలుపెట్టారు. గొంతు మెత్తబడింది, బుద్ధి మెత్తబడలేదు. తన పాటల విషయాలు శృంగారం, మరణం అని తొలి రోజుల్లోనే ఒక ఇంటర్వ్యూలో ఆయన చెప్పారు. ఈ మాట గుర్తుపెట్టుకుని ‘రాబిన్సన్’ మళ్లీ వినండి.

వినేటప్పుడు ఒక చిన్న అలవాటు మార్చుకోవాలి. మన పాటలో పల్లవి ముందే వచ్చి కూర్చుంటుంది, చరణం తిరిగి తిరిగి దాని దగ్గరికే చేరుతుంది. జపాన్ పాటలో పల్లవిలాంటి భాగాన్ని ‘సబి’ అంటారు. అది చాలావరకు ముందు రాదు. ఎ మెలొ అని ఒక మెట్టు, బి మెలొ అని ఇంకో మెట్టు ఎక్కాక గాని తలుపు తెరుచుకోదు. మొదట్లో నాకు విసుగొచ్చేది, ముప్పై సెకన్లకు పాట మార్చేసేవాణ్ని. నిమిషం ఓపిక పట్టండి చాలు.

‘రాబిన్సన్’ 1995 ఏప్రిల్‌లో వచ్చింది. పదహారు లక్షలకు పైగా సీడీలు అమ్ముడుపోయాయి. వారపు అమ్మకాల పట్టికలో నాలుగో స్థానం దాటని పాట అంత అమ్మిందంటే, మొదటి వారం సందడితో కాకుండా నెలల తరబడి నోటి మాటగా పాకిందని అర్థం. రాబిన్సన్ ఎవరని వెతక్కండి. థాయ్‌లాండ్ వెళ్లినప్పుడు కుసానో కళ్లబడిన ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ పేరు అది. పాటలో ఆ మాటే లేదు. ‘చెరీ’ పాటలోనూ చెరీ లేదు. ఇది వీళ్ల పాత అలవాటు. ఇంటి మీద ఒక పేరు ఉంటుంది, లోపల మరొకరు ఉంటారు.

నేను టోక్యోలోని నిషి కసాయ్‌లో ఉండేవాణ్ని. భారతీయులు ఎక్కువగా ఉండే పేట, తెలుగు మాట కూడా వినబడుతుంది. అక్కడికి దగ్గరలోనే అరకవ నది. గట్టు మీద సైకిళ్ల దారి, కింద గడ్డి, ఆదివారాల్లో పిల్లల బేస్‌బాల్. ‘రాబిన్సన్’లో ఏటి ఒడ్డు దారిలో సైకిల్ మీద వెళ్తున్న అమ్మాయిని ఒకడు వెంటాడుతూ ఉంటాడు. ఆ ఒక్క ముక్క అర్థమైన రోజు, అదే గట్టు మీద సైకిల్ తొక్కుతూ పాట మళ్లీ పెట్టుకున్నాను. సబి వచ్చేసరికి ఇద్దరికి తప్ప ఎవరికీ అంటని దేశం ఒకటి కడతాడు. చివరికి ఆ ఇద్దరూ ఆకాశంలోకి తేలి విశ్వంలోని గాలి ఎక్కేస్తారు. మొదటి చరణంలో ఏటి గట్టు, చివర్లో అంతరిక్షం. మధ్యలో ఎక్కడ నేల విడిచామో మీకు తెలియదు. మివ గిటారు తీగలను ఒక్కొక్కటిగా మీటే ఆ మొదటి ముక్క పాటంతా అడుగున నడుస్తూనే ఉంటుంది. మనల్ని ఎత్తుకుపోయేది అదేనని నా అనుమానం. ఆ ఇద్దరూ బతికే ఉన్నారా అన్న అనుమానం చాలామంది జపాన్ శ్రోతలకు ఉంది. నాకూ ఉంది.

తర్వాతిది ‘సొర మొ తొబెరు హజు’. 1994 ఏప్రిల్‌లో వచ్చి ఓ మాదిరిగా నడిచింది. 1996 జనవరిలో ‘హకుసెన్ నగషి’ అనే టీవీ నాటకానికి ముఖ్యగీతమయ్యాక పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. బడి చివరి రోజుల్లో ఉన్న పిల్లల కథ అది. అప్పటి నుంచి ఈ పాట వీడ్కోలు సభల్లో పిల్లలు కూడి పాడే పాటగా స్థిరపడిపోయింది. పేరును ‘ఆకాశంలోనైనా ఎగరగలను’ అని అనువదిస్తారు, అక్కడే పొరపాటు. ‘హజు’ అంటే నిశ్చయం కాదు. లెక్క ప్రకారం అలా జరగాలే, జరిగి తీరాలే అనుకోవడం. రైలు పదింటికి రావలసి ఉంది అన్నప్పటి ‘వలసి’ అది, వచ్చిందని కాదు. పైగా పాటలో తనకు నప్పని కత్తి దాచుకుని తిరిగే కుర్రవాడు ఉన్నాడు, చెత్తతో మెరిసే లోకం మనల్ని కాదన్నా అన్న మాట ఉంది. తెల్ల చొక్కాలు తొడుక్కుని, చేతులు కట్టుకుని, పన్నెండేళ్ల పిల్లలు ఈ మాటలు పాడుతుంటే ముందు వరుసలో తల్లులు కళ్లు తుడుచుకుంటారు. కత్తిని ఎవరూ పట్టించుకోరు. కరవడం అంటే ఇదే.

ఆ కాలందే ఇంకోటి, ‘అఒయి కురుమ’, నీలం రంగు కారు. నా లెక్కలో స్పిట్సు మొత్తం మీద మొదటి స్థానం దీనిదే. 1994 వేసవి పాట. గిటారు గలగలా దూకుతుంది, కారులో సముద్రానికి పోదాం అంటుంది. రేడియోలో వింటే శీతల పానీయం ప్రకటన అనుకుంటారు. కాని మొదటి వాక్యంలోనే చల్లబడిన చెయ్యి ఒకటి ప్రియురాలి మెడ మీద ఉంటుంది. తర్వాత ఒకచోట ‘రిన్నె’ చివరికి దూకేద్దాం అంటాడు. రిన్నె అంటే మనకు కొత్తది కాదు. సంసారచక్రం, పునర్జన్మల తిరుగుడు, బౌద్ధంతో చైనా మీదుగా జపాన్ చేరిన ఆలోచన. ఇది జంట ఆత్మహత్య పాట అని కొందరు, కాదు పాత జీవితాన్ని వదిలి కొత్తగా మొదలుపెట్టడమని మరికొందరు. నేను ఏ పక్షం అని అడిగితే చెప్పను, ఏడాదికోసారి మారుతుంది. అటువంటి మాటలకు అంత ఎండకాచిన బాణీ కట్టగలగడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

మీకు తెలుగు నాలుక ఉంది కాబట్టి ‘ఉమెబొషి’ తప్పకుండా వినాలి. 1991 నాటి మొదటి ఆల్బమ్‌లోని చిన్న పాట, వెనుక చెల్లో అనే పెద్ద వయొలిన్‌లాంటి వాద్యం. ఉమె అనే పుల్లటి కాయలను ఉప్పులో ఊరబెట్టి ఎండబెడితే ఉమెబొషి. నూనె లేదు, కారం లేదు, ఉత్త ఉప్పూ పులుపూ. తెల్లన్నం మధ్యలో ఎర్రగా ఒక్కటి పెట్టుకుంటారు. మొదటిసారి తిన్నప్పుడు మా అమ్మమ్మ ఊరబెట్టిన ఉసిరికాయ గుర్తొచ్చి, వెంటనే కాదనిపించింది. పాటలో ఒకడికి ఉమెబొషి తినాలని ఉంది, ఇప్పటికిప్పుడు నిన్ను చూడాలని ఉంది. అంతే. ఆవకాయ తినాలని ఉంది, నిన్ను చూడాలని ఉంది అని మన భాషలో ఒకడు గంభీరంగా చెల్లోతో పాడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మొదట నవ్వు వస్తుంది. రెండోసారికి రాదు. ఆకలీ విరహమూ ఒకే చోట పుడతాయని పరదేశంలో ఒంటరిగా వండుకుని తిన్నవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2002లో వచ్చిన నివాళి ఆల్బమ్‌లో ఒకుద తమియొ అనే గాయకుడు దీన్ని పాడారు, అదీ బాగుంటుంది.

‘కఎదె’ గురించి ఎక్కువ రాయాలని కూర్చుని రెండుసార్లు చెరిపేశాను. 1998లోది, పియానోతో మొదలవుతుంది. కఎదె అంటే మేపుల్ చెట్టు. ఆకు కప్ప చెయ్యిలా ఉంటుందని ‘కప్ప చెయ్యి’ అన్న పాత మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఈ మాట కూడా పాటలో లేదు. వెళ్లిపోయిన మనిషి గొంతును మోసుకుంటూ నడుస్తానన్నదే పాట. నేను తిరిగి వచ్చేసే ముందు ఆఫీసువాళ్లు వీడ్కోలు విందు పెట్టి, ఆ తర్వాత కరవొకె గదికి, అంటే రికార్డు వాద్యాలతో మనమే పాడుకునే గదికి, తీసుకెళ్లారు. మా జట్టులో ఒకాయన ఉండేవారు. పదేళ్లలో ఒక్కసారి కూడా పాడలేదు, మైకు వస్తే పక్కవాడికి అందించేవారు. ఆ రోజు తనే రిమోట్ తీసుకుని ‘కఎదె’ పెట్టారు. శ్రుతి దించలేదు. ఆ పాటను శ్రుతి దించకుండా పాడటం మగవాళ్లకు మామూలు విషయం కాదు, పైకి వెళ్లిన రెండు చోట్లా గొంతు చీలింది. తర్వాతి పాటకు నంబరు కొట్టవలసినవాళ్లు కొట్టలేదు, తెర మీద ప్రకటనలు తిరుగుతూ ఉన్నాయి. ఆయన కూర్చుని తన గ్లాసులో మంచు ముక్కలు కలుపుకున్నారు.

సరే, కొంచెం చప్పుడు కావాలి. 1999 చివర్లో రికార్డు కంపెనీవాళ్లు బ్యాండు ఇష్టంతో పని లేకుండా ‘రీసైకిల్’ అని ఒక మేలిమి పాటల సంపుటి తెచ్చారు. విడిపోయేటప్పుడు తప్ప అటువంటిది వద్దన్నది వీళ్ల మాట. 2006లో బ్యాండు ఒప్పుకున్న ‘సైకిల్ హిట్’ సంపుటులు వచ్చాయి. కొనాలనుకుంటే అవి కొనండి, పాత డిస్కు ఎక్కడైనా చవగ్గా కనబడినా వదిలేయండి. 2000లో వచ్చిన ‘హయబుస’ ఆల్బమ్‌లో గిటార్లు ఒక్కసారిగా గరుకెక్కాయి. ఆ కసి ఇందులో కొంత ఉందని నాకు అనిపిస్తుంది. అందులో ‘8823’ అని ఒక పాట. జపాన్‌వాళ్లు అంకెలను అక్షరాలుగా చదివి ఆడుకుంటారు. ఎనిమిది ‘హ’ అవుతుంది, ‘య’ కూడా అవుతుంది, రెండు ‘ఫు’ నుంచి ‘బు’ అవుతుంది, మూడు ‘స’. కలిపితే హయబుస, డేగ జాతి పిట్ట. కచేరీలో ఈ పాట వస్తే బేస్ వాయించే తమురాకు పూనకం వస్తుంది. టికెట్ల లాటరీలో రెండేళ్లు వరుసగా ఓడిపోయి మూడో ఏడు లోపలికి వెళ్లాను. నా సీటు ఎంత పైన ఉందంటే మనుషులు అగ్గిపుల్లల్లా ఉన్నారు. ‘8823’ మొదలవగానే ఒక అగ్గిపుల్ల వేదిక ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తడం మొదలుపెట్టింది. మిగతా మూడు పుల్లలూ కదలలేదు.

‘యొరు ఒ కకెరు’ వెతికేటప్పుడు జాగ్రత్త. యొఅసొబి అనే సంగీత జంట 2019లో ‘యొరు ని కకెరు’ అని ఒక పాట తెచ్చింది, వెతికితే ముందు అదే వచ్చి పడుతుంది. తేడా ఒక్క ప్రత్యయం. ‘ఒ’ అంటే రాత్రినంతా దాటుకుంటూ పరుగు, ‘ని’ అంటే రాత్రిలోకి. స్పిట్సుది 2002 నాటి ‘మికజుకి రాక్’ ఆల్బమ్‌లో మొదటి పాట. ఒకరికొకరు పోలికలేని ఇద్దరు రాత్రి పూట పరుగెత్తుతూ, ఇప్పుడప్పుడే కాల్చవద్దని ఎవరినో వేడుకుంటారు. ఎవరు కాలుస్తున్నారో పాట చెప్పదు. సకియమ డ్రమ్స్ వినడానికి ఇంతకంటే మంచి చోటు లేదు, హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.

కొత్తవాటిలో నాకు దగ్గరైనది 2016 నాటి ‘మినతొ’, అంటే రేవు. ఓడ ఎక్కేది లేదు, అయినా రేవులో నిలబడి ఉన్నాను అంటాడు. మధ్యలో కుసానో ఈల వేస్తారు. 2011 మార్చి 11న భూకంపం వచ్చినప్పుడు నేను టోక్యోలోనే ఉన్నాను. రైళ్లు ఆగిపోతే ఆఫీసు నుంచి ఇంటికి నడిచాను. దారి పొడవునా వేల మంది నడుస్తున్నారు, ఎవరూ మాట్లాడటం లేదు. ఆ తర్వాత వారాల్లో సునామీ దృశ్యాలు చూసి చూసి కుసానో తీవ్రమైన ఒత్తిడితో జబ్బుపడ్డారు, బ్యాండు కచేరీలు వాయిదా వేసుకుంది. ‘మినతొ’ ఆ విషయం గురించేనని పాటలో ఎక్కడా లేదు. కాని ఆ రేవులో నిలబడినవాడు ఎవరి కోసం చూస్తున్నాడని ఈల వచ్చినప్పుడల్లా అనుకుంటాను.

2019 నాటి ‘యసషీ అనొ కొ’ జపాన్ టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కే ఉదయపు ధారావాహిక పాట, హాయిగా ఉంటుంది. 2023 నాటి ‘ఉత్సుకుషీ హిరె’ ‘డిటెక్టివ్ కోనన్’ యానిమే సినిమా పాట, మీకు ఇప్పటికే తగిలి ఉండవచ్చు. ‘నమిద గ కిరరి’ అందరికీ ఇష్టం, నాకు అంతగా ఎక్కదు.

ఇక భాష. రాదని భయపడకండి, ఈ ఒక్క విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులం. హ్రస్వ ఎ, ఒ మనకు విడిగా ఉన్నాయి, కాబట్టి పాట సాహిత్యం తెలుగు లిపిలో రాసుకుంటే దాదాపు సరిగ్గా వస్తుంది. లెక్క కూడా మనదే. వాళ్లు పాటను మాత్రలతో కొలుస్తారు. దీర్ఘానికి రెండు, పొల్లు న్‌కు విడిగా ఒకటి. రాబిన్సన్‌ను వాళ్లు రొ, బి, న్, సొ, న్ అని అయిదుగా లెక్కిస్తారు. మనం ‘రొబిన్‌సొన్’ అని రాసి ఒక లఘువు, రెండు గురువులు వేస్తే అదే అయిదు. వాక్యం నడకా అంతే, క్రియ చివరికే వస్తుంది. ‘చెరీ’లో మొదటి మాట ‘కిమి ఒ వసురెనాయ్’. కిమి ఒ అంటే నిన్ను, వసురెనాయ్ అంటే మరువను. ఏ ముక్కా అటూ ఇటూ జరపనక్కర్లేదు, లేదనడం కూడా క్రియ చివరనే అతుక్కుని ఉంది. ఇంగ్లీషు అనువాదం పక్కన పెట్టుకుని నేర్చుకోవద్దు, వాక్యం రెండుసార్లు తలకిందులవుతుంది.

గిటారు మీద ‘చెరీ’తోనే మొదలుపెట్టండి, జపాన్‌లోనూ అందరూ అలాగే చేస్తారు. సి, జి, ఎ మైనర్, ఇ మైనర్ కార్డుల వరకు చేతికి సుఖమే. ఆ వెంటనే ఎఫ్ వచ్చి చూపుడు వేలు ఆరు తీగల మీదా పడుకోబెట్టమంటుంది. నాకు ఎఫ్ శుభ్రంగా మోగడానికి నాలుగు నెలలు పట్టింది. రెండో చిక్కు శ్రుతి. కుసానో గొంతులో బలం పై స్థాయిలో ఉందని గుర్తించి అటువైపు నడిపించింది నిర్మాత ససజి మసనొరి. ఆయన పుణ్యమా అని మనలాంటి వాళ్ల గొంతులు చిరుగుతున్నాయి. కరవొకెలో మీట నొక్కి నాలుగు మెట్లు దించేవాణ్ని. గిటారు మీదైతే జి, డి, ఇ మైనర్, బి మైనర్, సి పట్టుకుని జి శ్రుతిలో పాడండి. మరీ కిందికి పోయిందనిపిస్తే రెండో మెట్టు మీద కేపో, అంటే తీగలను నొక్కిపట్టే క్లిప్పు, పెట్టండి. ఎఫ్ తప్పుతుంది గాని దాని బదులు బి మైనర్ వచ్చి కూర్చుంటుంది, దానికీ వేలు పడుకోబెట్టాలి. ‘రాబిన్సన్’ మొదటి ముక్క మాత్రం ఈ ఏడాదికి ముట్టుకోవద్దు. వినడానికి నీళ్లు జారినట్టు ఉంటుంది, వేళ్లు పెట్టి చూస్తే తెలుస్తుంది.